పట్టికలో ఖాళీగా మిగిలిన వరుస

డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెప్పడం నా వృత్తి. ఒక మందు పనిచేసిందో లేదో తెలియాలంటే దాన్ని వేసుకున్నవారిని మాత్రమే లెక్కపెడితే చాలదని, వేసుకోనివారి వరుస కూడా నిండాలని ఏటా బోర్డు మీద నాలుగు గడులు గీసి చెబుతుంటాను. అలా చెబుతున్న రోజుల్లోనే, దాదాపు మూడేళ్ళ పాటు, మా వంటింటి గ్యాస్ సిలిండర్ విషయంలో నేను ఆ రెండో వరుసను ఒక్క రోజు కూడా నిండనివ్వలేదు.

మొదట్లో అది జాగ్రత్తలాగే కనిపించింది. మా వీధి చివరి ఇంట్లో సిలిండర్ లీకై మంటలు లేచినప్పటి నుంచి, పడుకోబోయే ముందు రెగ్యులేటర్ కట్టానో లేదో ఒకసారి చూసుకునేదాన్ని. కొన్ని నెలలకు ఆ ఒకసారి నాలుగుసార్లయింది, తరువాత లెక్క తప్పింది. కట్టి ఉందని కళ్ళతో చూస్తున్నా, చేత్తో తిప్పి చూస్తున్నా, వంటింటి గడప దాటగానే నిజంగా కట్టానా అన్న సందేహం మళ్ళీ మొదటికొచ్చేది. బస్టాపు దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో వెనక్కి వచ్చి, తాళం తీసి చూసిన రోజులున్నాయి. ఫోన్‌లో ఫొటో తీసుకుంటే, అది ఈ రోజుదేనా అన్న కొత్త అనుమానం పుట్టేది. ‘ఏమండీ, గ్యాస్ కట్టేశాను కదా?’ అని రాత్రిపూట మావారిని పదిసార్లు అడిగితే, ఆయన పదిసార్లూ ఓపికగా ‘కట్టేశావు, పడుకో’ అనేవారు. మా అత్తగారు దీన్ని చాదస్తం అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు, కానీ ఆ మాటను మేమంతా నమ్మడం వల్ల ఇది వైద్యం ఉన్న జబ్బని తెలుసుకోవడానికి మరో ఏడాది పట్టింది.

సెమిస్టర్ పరీక్షల డ్యూటీకి రెండోసారి ఆలస్యమైన వారంలో సైకియాట్రిస్ట్‌ను కలిశాను. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే ఓసీడీ అని చెప్పి, మాత్రలు రాసి, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. యేల్–బ్రౌన్ స్కేల్ ప్రశ్నావళిలో 10 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 40. నాకు 28 వచ్చింది, అది తీవ్ర స్థాయి కిందికి వస్తుంది. ఆ 10 ప్రశ్నల్లో గ్యాస్ మాట ఎక్కడా లేకపోవడం నన్ను ఆలోచింపజేసింది. ఆలోచన దేని గురించన్నది కాక, అది రోజులో ఎంత సమయం తింటోంది, ఎంత బాధపెడుతోంది, దాన్ని ఎంతవరకు ఆపగలుగుతున్నాను అన్నవే అందులో కొలుస్తారు.

చికిత్స మొదలుపెట్టే ముందు రెండు వారాలు ఏమీ మార్చకుండా, ఎన్నిసార్లు చూస్తున్నానో రాసుకు రమ్మన్నారు ఆ సైకాలజిస్ట్. రోజుకు సగటున 43 సార్లు. రాయడం వల్లే సంఖ్య కొంత తగ్గి ఉండవచ్చని, కొలిచే పని కొలవబడేదాన్ని మారుస్తుందని ఆవిడ ముందే హెచ్చరించారు. ఆ మాటతో ఆవిడ మీద నాకు గురి కుదిరింది. మూడో వారం నా కాగితాలన్నీ చూసి, ‘మేడమ్, మీరు చూడని రోజున ఏం జరిగింది?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చూశాను, ప్రమాదం జరగలేదు అన్న ఒక్క గడిలోనే నా మూడేళ్ళ అనుభవమంతా ఉంది.

ఆ రోజే ఆవిడ నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ చేసి 2003లో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చెప్పారు. ఓసీడీ లేని మామూలు మనుషులను కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్‌ను వెలిగించి, ఆర్పి, సరిచూడమన్నారు. ఒక గుంపు అదే స్టవ్‌ను మళ్ళీ మళ్ళీ చూసింది, పోలిక కోసం పెట్టిన రెండో గుంపు మధ్యలో దాని బదులు బల్బులను చూసింది. చివరిసారి ఏ బర్నర్లు చూశారో చెప్పడంలో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. కానీ స్టవ్‌నే పదే పదే చూసినవారికి ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం సడలింది. అనుమానం వల్ల చూస్తున్నానని నేననుకున్నాను, చూడటం వల్ల కూడా అనుమానం పెరుగుతుందని ఆ రెండో గుంపు లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇంటికెళ్ళి చాలాసేపు ఏడ్చాను. నా జ్ఞాపకశక్తి చెడిపోలేదన్న ఊరట అది.

చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. లండన్‌లో విక్టర్ మెయర్ 1966లో ప్రచురించిన రోగుల వివరాలు దీనికి తొలి మెట్టు. నా విషయంలో గ్యాస్‌ను అందరిలాగే ఒకసారి కట్టేసి, మళ్ళీ ముట్టుకోకుండా, వచ్చే భయాన్ని భరించాలి. మొదటి రాత్రి భయానికి 100కు 85 వేసుకున్నాను. చేతులు వణికాయి, గంటకు పైగా నిద్ర రాలేదు. తెల్లవారాక, ఖాళీగా ఉన్న వరుసలో మొదటి గీత గీశాను. మావారికీ ఒక పని అప్పగించారు: నేనడిగితే జవాబు చెప్పకూడదు. ఆయనకు అది నాకంటే కష్టమైంది.

17 సెషన్ల తరువాత స్కోరు 11కు దిగింది. అది చికిత్స గొప్పతనమేనని నా ఒక్క కేసును బట్టి చెప్పలేను. మాత్రలు కూడా వేసుకున్నాను, పైగా జబ్బు బాగా ముదిరినప్పుడే వైద్యుడి దగ్గరికి వెళ్తాం కాబట్టి, కొంత మెరుగుదల దానంతటదే వచ్చి ఉండవచ్చు. ఈ చిక్కు విడదీయడానికే పోలిక గుంపులు కావాలి. ఎడ్నా ఫోవా, ఆమె సహచరులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో రోగులను ఈ థెరపీ, క్లోమిప్రమిన్ మాత్ర, రెండూ కలిపి, ఉత్తుత్తి మాత్ర అనే నాలుగు గుంపుల్లో లాటరీ పద్ధతిలో వేశారు. మూడూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగయ్యాయి, థెరపీ ఉన్న రెండు గుంపులూ మాత్ర ఒక్కటే వాడిన గుంపును మించాయి. నాకు ధైర్యమిచ్చింది నా 11 కాదు, ఆ నాలుగు గుంపులు.

కిందటేడు అమ్మకు ఆపరేషన్ జరిగినప్పుడు పాత అలవాటు తిరగబెట్టి, మళ్ళీ నాలుగు సెషన్లకు వెళ్ళాను. మొన్న ఊరికి బయల్దేరి బస్సెక్కాక అత్తగారు ‘గ్యాస్ కట్టేశావా అమ్మా?’ అని అడిగారు. ‘కట్టే ఉంటాను అత్తయ్యా’ అన్నాను. గుండె కొంచెం వేగంగానే కొట్టుకుంది. బస్సు ఊరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.