గట్టర్ మీద కొండచిలువ

బ్రిస్బేన్‌లో మా ఇల్లు పడమటి వైపు, ఎనోగెరా రిజర్వాయర్‌కి దగ్గర. పెరడు దాటితే చిన్న వాగు, దాని వెంట గమ్ చెట్లు, అంటే యూకలిప్టస్‌లు. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు మా ఆయన ఆ చెట్లు చూసి మురిసిపోయాడు. నేను ఏజెంట్‌ని ఒక్కటే అడిగాను, పాములుంటాయా అని. ఆవిడ దాపరికం లేకుండా చెప్పేసింది: "ఉంటాయి. అందుకే ఎలకల బాధ తక్కువ."

నాది దివిసీమ. పామంటే భయం నాకు ఎవరో నూరిపోసింది కాదు. వానాకాలం వచ్చిందంటే మంచాల కింద టార్చిలైటు వేసి చూశాకే పడుకునేవాళ్లం. కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. మా వీధి చివర కౌలురైతు ఒకాయన చాప మీద పడుకుని తెల్లారి లేవనేలేదు. 2018లో మావైపు కాట్లు మరీ ఎక్కువైతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుళ్లో సర్పశాంతి హోమం చేయించారు. అలాంటి చోటు నుంచి వచ్చిన నన్ను పట్టుకుని "అమ్మో ఆస్ట్రేలియానా, అక్కడన్నీ పాములేనటగా" అని చుట్టాలు భయపెట్టడం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు.

ఒక సెప్టెంబరు పొద్దున బట్టలు ఆరేస్తుంటే పైన చూరు వెంట వాననీళ్లకి పెట్టిన గట్టర్ అంచున ఏదో వేలాడుతోంది. పైపు అనుకున్నాను. పైపు కదిలింది. నా కేక విని పక్కింటి పెద్దావిడ గోడ దగ్గరికొచ్చింది. రిటైరైన నర్సు. టీ కప్పు చేతిలోనే ఉంది. అది కార్పెట్ పైథాన్ అనీ, విషం లేదనీ, పోసమ్‌లనే చెట్లెక్కే చిన్న జంతువుల కోసం మీ అటక మీదికి వస్తూ పోతూ ఉంటుందనీ చెప్పింది. పట్టేవాళ్లని పిలిస్తే డబ్బు తీసుకుని పట్టుకెళ్తారు గానీ చంపడం మాత్రం నేరమట. నేను గుమ్మం లోపలికి పోయి తలుపు సందులోంచి వింటున్నాను. ఆవిడ దాని కిందే నిలబడి టీ పూర్తి చేసింది.

ఆ తర్వాత చాలా రోజులు బట్టలు ఇంట్లోనే ఆరేశాను. మా ఆయన వెక్కిరించలేదు, అదొక్కటే అదృష్టం.

దాన్ని సరిగ్గా చూసింది మాత్రం వంటింటి కిటికీలోంచి. బయట ఎండలో ఫెన్స్ మీద పరుచుకుని ఉంది, మధ్యలో అద్దం. సన్నికల్లు మింగినట్టు పొట్ట దగ్గర ఉబ్బు. ఒంటి మీద ముదురాకుపచ్చలో పసుపు మచ్చలు, వాటి చుట్టూ నల్లటి గీత. పెదవి అంచున వరసగా చిన్న గుంటలు. చీకట్లో వేట ఒంటి వేడిని పసిగట్టేది వాటితోనేనట. అన్నం మాడిన వాసన వచ్చేదాకా చూస్తూ ఉండిపోయాను. ఆడపాము గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలు వణికించి వాటికి వెచ్చదనం ఇస్తుందని ఆ రాత్రే చదివాను. చల్లని రక్తం జీవి బిడ్డల కోసం వణకడమేమిటో!

నాకు అసలు ధైర్యం ఇచ్చింది మాత్రం ఆఫీసులో పెట్టిన ఫస్ట్ ఎయిడ్ క్లాసు. ఇక్కడ పాము కరిస్తే కాటు కడక్కూడదు. సాగే బ్యాండేజీ కాలంతా గట్టిగా చుట్టి, కర్ర కట్టి, మనిషిని కదలనివ్వకుండా ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చెయ్యాలి. మావైపు పైన తాడు బిగించి బ్లేడుతో గాటు పెట్టేవాళ్లు. రెండూ తప్పే. పోనీ ఇక్కడి కట్టు అక్కడ వేద్దామా అంటే, మన రక్తపింజరి కాటుకి అలా బిగించి చుట్టకూడదంటారు. దేశం మారితే పాముతో పాటు వైద్యమూ మారాలి.

తర్వాత లెక్కలు చూస్తే మనసు మరోలా అయింది. ఆస్ట్రేలియాలో పాముకాటుతో ఏడాదికి పోయేది సగటున ఇద్దరు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పోయినవాళ్లు దాదాపు 12 లక్షలని అంచనా, అంటే ఏడాదికి 58 వేలు. ఇక్కడి పాముల విషం తక్కువేం కాదు. చెప్పుల్లేకుండా రాత్రి పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లేవాళ్లూ, నేల మీద పడుకునేవాళ్లూ, ఆస్పత్రికి పోవాలంటే ఆటో దొరకనివాళ్లూ మన దగ్గర ఎక్కువ. మా కౌలురైతుకి ఒక మంచం, దోమతెర ఉంటే చాలేదేమో.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. "దాన్ని నెత్తిన పెట్టుకుని ఎలా పడుకుంటున్నారే? విషం లేకపోతే మాత్రం పాము కాకుండా పోతుందా?" అని తిట్టి, కాసేపాగి, "నాగుల చవితికి గట్టర్లో పాలు పోస్తావా ఏం?" అంది. అమ్మ డిసెంబర్లో వస్తోంది. అటక కింద గది ఆవిడదే. ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు బట్టలు బయటే ఆరేస్తున్నాను, పైకి ఒకసారి చూసి. వాగు పక్క దారిలో మాత్రం ఎండ ఎక్కాక, గడ్డి మోకాలెత్తున్న చోటికి వెళ్లను. అక్కడ ఈస్టర్న్ బ్రౌన్ ఉంటుంది. మామూలు మట్టిరంగు, పగటిపూటే తిరుగుతుంది, ఈ దేశంలో పాముకాటు చావులు ఎక్కువగా దానివల్లే. మా ఆయన షార్ట్‌కట్ అంటాడు. నేను చుట్టూ తిరిగి రోడ్డు మీదుగానే వస్తాను.