చార్టులో గడులు

ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం సాయంత్రం కూడికలో కొట్టిన చప్పట్లు ఇంకా గుచ్చుకుంటున్నాయి.

ఏడాదిలో బైబిలు పూర్తి చేసే చార్టు గోడకి అంటించింది మా వదినే. మొత్తం 1,189 అధ్యాయాలు, రోజుకి మూడో నాలుగో చదివితే సరిపోతుంది. చదివినన్ని గడులు పేరు ఎదురుగా నింపాలి. ఈరోజు ముందున్నవాళ్ళని నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. వెనకబడ్డవాళ్ళ పేర్లు కూడా పైకి చదివారు. చదువు రాక మనవరాలి చేత చదివించుకునే ఒక పెద్దామె తల దించుకుంది. నాకు ఒళ్ళు మండింది. పైగా ఈరోజు వాక్యం ఎఫెసీ 5:26. క్రీస్తు తన సంఘాన్ని వాక్యంతో కడిగి పవిత్రపరచడం గురించి! కడగాల్సిన వాక్యాన్ని పట్టుకుని మనిషిని నలుగురిలో చిన్నబుచ్చుతారా?

ఆటోలో అదే అన్నాను. వదిన ఊరుకుంటుందా? "లెక్కే తప్పయితే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం పొందారని ఏటా ఎందుకు చెప్పుకుంటాం?" అంది. అక్కడ ఇంకా మండింది. అప్పటి కరువులో జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువ పని చేయించిన ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు, జనం అడుగుతున్నా బాప్తిస్మం ఇవ్వకుండా ఆగారు. కూడు కోసం వస్తున్నారేమోనని ఆయన భయం. సాయం ఆగిపోయాక కూడా వచ్చినవాళ్ళకే ఆ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఇచ్చారు. లెక్క కోసం చేసుంటే కరువులోనే ఇచ్చేసేవారు కదా. పైగా వాళ్ళలో ఎక్కువమందికి అక్షరం రాదు. విని నమ్మారు.

మా అమ్మమ్మ కూడా అంతే. సాయంత్రం లాంతరు ముందు నా చేత చదివించుకునేది. ఒకరోజు ఎఫెసీ నాలుగో అధ్యాయం చదువుతున్నాను. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అనగానే "ఆపమ్మా" అంది. పెరటి గోడ దగ్గర తోడికోడలితో గొడవపడి అప్పటికి చాన్నాళ్ళుగా మాటల్లేవు. చెప్పులు కూడా వేసుకోకుండా చీకట్లో బయల్దేరింది. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దీపం చుట్టూ పురుగులు, పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన. చాలాసేపటికి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చుని "ఊ, ఇప్పుడు తర్వాతది చదువు" అంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు ఈరోజుకీ తెలీదు. మర్నాడు తోడికోడలు ఇంటినుంచి చేపల పులుసు వచ్చింది. వాక్యం మనిషిని కడగడం అంటే నాకు గుర్తొచ్చేది అదే. ఆ రోజు అమ్మమ్మ చార్టు వేసి ఉంటే ఒక్క గడి కూడా నిండేది కాదు.

ఇంతవరకు రాసి, ఆ చార్టు తీసేయమని రేపే చెప్పాలనుకున్నాను. కానీ మా సంఘంలో లారీ నడిపే అన్న ఇచ్చిన సాక్ష్యం అడ్డొస్తోంది. తాగుడు మానినప్పట్నుంచి రాత్రి బండి ఎక్కడ ఆపినా చదివి, గడి నింపాకే కిందకి దిగుతాడట. "గడి ఖాళీగా ఉంటే భయమేస్తుందమ్మా" అన్నాడు. ఆ గడులే ఆయన్ని పట్టుకుని ఉన్నాయి. నేను వద్దనడానికి ఎవర్ని? అమ్మమ్మ అయినా నాచేత ఎన్ని అధ్యాయాలు చదివించుకుంటే ఆ ఒక్క మాట తగిలింది?

ఇందాక యోహాను 15 తీశాను. నేను చెప్పిన మాటను బట్టి మీరు పవిత్రులై ఉన్నారని ప్రభువు శిష్యులతో అన్న రాత్రి. అదే రాత్రి వాళ్ళు తమలో ఎవరు గొప్ప అని వాదించుకున్నారని లూకా రాశాడు. అయినా ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇది చదివాక వదిన మీద కోపం చాలావరకు పోయింది. పేర్లు చదివి సిగ్గుపరచడం మీద మాత్రం పోలేదు. చార్టు ఉండనీ, ఆ పేర్ల సంగతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారితో మాట్లాడతాను.