కుడి వైపు తిరగని పిల్లలు

బెజవాడలో స్కేట్స్ కట్టే పిల్లల్లో చాలామంది మొదలుపెట్టేది స్పీడ్ స్కేటింగ్‌తోనే. ఆ ట్రాక్ మీద పరుగంతా అపసవ్య దిశలో. ఎన్ని వందల రౌండ్లు కొట్టినా మలుపు ఎడమకే. మూడేళ్ళు అలా తిరిగిన పిల్లాణ్ణి, ఒకే వరస చక్రాల స్కేట్స్ మీద ఆడే ఇన్‌లైన్ హాకీలోకి తెస్తే సగం ఆటగాడే వచ్చినట్టు. ఎడమకి చురకత్తిలా తిరుగుతాడు, కుడికి తిరగమంటే నడుస్తాడు. ఈ సంగతి పసిగట్టడానికి ఎదుటి డిఫెండర్‌కి రెండు నిమిషాలు చాలు. ఎడమ దారి మూసి నిలబడితే వాడి పని అయిపోయినట్టే.

అందుకే ఇక్కడ జూనియర్ హాకీ జట్టు కట్టేవాళ్ళకి మొదటి ఆరు వారాలూ కొత్తది నేర్పడం కంటే పాత అలవాటు విరవడమే పని. నాలుగున్నర మీటర్ల తాడు తీసుకోండి. ఐస్ హాకీ రింకులో ఆట మొదలుపెట్టే ఫేసాఫ్ వలయానికి ఉండే వ్యాసార్ధం అదే. తాడుతో సుద్దముక్క పట్టుకుని వలయం గీయండి. (ముగ్గు పిండితో గీయకండి. చక్రాల కింద పడితే జారుతుంది, ఆ తర్వాత బేరింగుల్లోకి చేరుతుంది.) కుడికి తిరిగేటప్పుడు ఎడమ కాలు కుడి కాలి మీదుగా దాటి పడాలి. ఆ దాటడం అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ అదే నేర్పుతారు. అసలు బలం వచ్చేది కింద ఉన్న కుడి కాలి నుంచి. ఆ కాలు బయటి అంచు మీద వాలి, శరీరం కిందుగా అవతలి పక్కకి తోయాలి. ఆ తోపు లేకపోతే అది మలుపు కాదు, మెట్లెక్కడం.

ముందు గోడ పట్టుకుని నిలబడి ఒక్క కుడి కాలి బయటి అంచు మీద పది లెక్కపెట్టించండి. తర్వాత అదే కాలి మీద, అదే అంచుతో, వలయం మీద పావు వంతు జారించండి. తర్వాత సగం. ఎడమ కాలు దాటించడం ఆ తర్వాతే. ఎడమకి ఒక రౌండు వేయిస్తే కుడికి రెండు. వచ్చిందో లేదో తెలుసుకోవడానికి వెనక్కి తిరిగి నిలబడి వింటే చాలు. టక్, టక్ అని వినిపిస్తే వాడు అడుగులు వేస్తున్నాడు. స్‌స్‌ అని పొడుగ్గా సాగితే తోస్తున్నాడు. భుజాలు కూడా చూడండి. తల వలయం మధ్యలోకి తిరిగి, బయటి భుజం వెనకబడిపోతే నడుము మెలిక పడదు, పిల్లాడు వలయం దాటి బయటికి పోతాడు.

స్పీడ్ స్కేట్స్‌తోనే ఈ పని కానిచ్చేద్దామనుకోవద్దు. వాటి చక్రాలు 100, 110 మిల్లీమీటర్లు, బూటు చీలమండ దగ్గర పొట్టి. నేరుగా పోవడానికి చేసిన బండి అది. హాకీ స్కేట్‌లో చక్రాలు 72 నుంచి 80, బూటు చీలమండ పైదాకా ఉంటుంది. చిన్న చక్రం చప్పున తిరుగుతుంది, చప్పున ఆగుతుంది. ఆగడం ఇంకో తలనొప్పి. స్పీడ్ పిల్లలకి ఆగాల్సిన అవసరం గీత దాటాకే వస్తుంది. హాకీలో ప్రతి ఐదారు సెకన్లకీ వస్తుంది. వెనక కాలు అడ్డం పెట్టి ఈడ్చే టీ-స్టాప్‌తో మొదలుపెట్టి, రెండు నెలల్లో, చక్రాల్ని అడ్డం తిప్పి జారుతూ ఆగే పవర్‌స్లైడ్‌కి రావాలి. రెండూ రెండు కాళ్ళతోనూ. బంతి ఏ పక్కకి పోతుందో ముందే చెప్పి రాదు కదా.

స్టిక్ దగ్గర మనకి క్రికెట్ అడ్డం పడుతుంది. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి పై చెయ్యి ఎడమది. అదే అలవాటుతో రెండు చేతులూ దగ్గరగా పెట్టి పట్టుకుంటాడు, షాట్ ముందు స్టిక్ భుజం దాకా లేపుతాడు. ఆ ఎత్తున స్టిక్ లేస్తే పెనాల్టీ, పక్కవాడి మొహానికి ప్రమాదం. హాకీలో స్టిక్‌ని తిప్పేది పై చెయ్యి. కింది చెయ్యి వదులుగా జారుతూ, షాట్‌కి మాత్రం బిగుసుకుంటుంది. పై చేత్తో ఒక్కదానితోనే బంతిని అటూ ఇటూ ఆడించమంటే వారంలో తేడా తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక గోల్ఫ్ బంతి చాలు, రోజూ పది నిమిషాలు. బరువు 46 గ్రాములే, కాస్త గట్టిగా తగిలితే తప్పించుకుపోతుంది. అసలు ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ, పక్, అయితే దాదాపు 170 గ్రాములు. అమెరికాలో ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి దాన్ని కూడా తగ్గించి నాలుగు ఔన్సుల నీలం పక్ ఇస్తారు. మనవాళ్ళు ఆరేళ్ళ పిల్ల చేతిలో పెద్దవాళ్ళ స్టిక్ పెట్టి, బంతి లేవట్లేదని తిడతారు.

స్టిక్ మీద ఫ్లెక్స్ అని ఒక అంకె ఉంటుంది, ఎంత వంగుతుందో చెప్పేది. శరీర బరువును పౌండ్లలో సగం చేస్తే దాదాపు ఆ అంకె వస్తుంది. నలభై కిలోల పిల్లకి నలభై, నలభై ఐదు. పొడుగు తగ్గించడానికి పైన కోస్తే స్టిక్ ఇంకా బిరుసెక్కుతుందని గుర్తుంచుకోండి. స్కేట్స్ వేసుకుని నిలబడినప్పుడు గడ్డం దాకా వస్తే సరి.

ఇక షాపులో రోజూ వినిపించే మాట: “ఒక్క సైజు పెద్దదివ్వండి బాబూ, వచ్చే ఏడు కూడా వస్తాయి.” పిల్లల చీలమండలు లోపలికి వాలిపోవడానికి సగం కారణం ఈ మాటే. కాలిలో బలం లేదని ఆ తర్వాత ఎవరెవరికో చూపిస్తారు. బూటులో మడమ లేస్తుంటే ఏ కాలూ నిటారుగా నిలబడదు. నిలబడితే బొటనవేలు ముందు భాగాన్ని తాకీ తాకనట్టుండాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. లేసులు కట్టకుండా నాలుకను ముందుకి లాగి, పై నుంచి మూడో రంధ్రాల జత దగ్గర పెన్సిల్ అడ్డం పెట్టండి. పెన్సిల్ రెండు అంచుల మీదా ఆనుతూ పాదానికి తగలకపోతే లోతు సరిపోయినట్టు. తగిలితే వేరే మోడల్ చూడాల్సిందే. పెద్ద సైజు తీసుకుంటే పొడుగు పెరుగుతుంది తప్ప ఇది తీరదు.

చక్రాల సంగతికొస్తే, మెత్తనిది నేలని పట్టుకుంటుంది, గట్టిది ఎక్కువ కాలం వస్తుంది. గట్టిదనం చెప్పే అంకె చక్రం మీదే ఉంటుంది, అది పెరిగేకొద్దీ చక్రం గట్టి. ఇండోర్ నున్నటి నేలకి 74ఏ, 76ఏ బావుంటాయి. మన బయటి సిమెంటు రింకుల మీద అవి వంకాయ ముక్కల్లా రాలతాయి. అక్కడ 82ఏ, 84ఏ వెయ్యండి. మే నెలలో నేల కాగితే చక్రంలోని పాలీయురేథేన్ మెత్తబడుతుంది, అది లెక్కలో వేసుకోండి. లోపలి అంచు ముందు అరుగుతుంది కాబట్టి, అది కంటికి కనిపించగానే ఒకటినీ మూడునీ, రెండునీ నాలుగునీ మార్చి, లోపలి ముఖం బయటికి వచ్చేలా బిగించాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడేది: కొన్ని హాకీ స్కేట్స్‌కి ముందు రెండు చక్రాలు 76, వెనక రెండు 80 మిల్లీమీటర్లవి ఉంటాయి. వాటికి ఈ మార్పు కుదరదు. అదే స్థానంలోని చక్రాన్ని ఎడమ స్కేట్ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి మార్చుకోవాలి.

బేరింగు 608 రకం, ఒక జతకి పదహారు. కొబ్బరినూనె పొయ్యకండి. జిగురెక్కి మట్టిని పట్టుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా పనికిరాదు, ఉన్న గ్రీజును కడిగేస్తుంది. తీసి తుడిచి, బాగా ఆరాక కుట్టు మిషన్ నూనె ఒక చుక్క. రెండో చుక్క వద్దు.

ఎండ గురించి బెజవాడ వాళ్ళకి వేరే చెప్పాలా? హెల్మెట్, గ్లవ్స్, ప్యాడ్లు అన్నీ బిగించాక చెమట ఆరే దారి ఉండదు. ఎండాకాలం పొద్దున ఆరున్నర కల్లా గేర్ విప్పేయాలి. ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా బరువు చూడండి, తగ్గిన ప్రతి కిలోకీ లీటరు పైన తాగించాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ బాగా పనిచేస్తుంది, కానీ ఆట అయ్యాక. డిసెంబర్‌లో ఇబ్బంది వేరు: తెల్లారుజామున మంచు పడి నేల తడిగా ఉంటుంది, పవర్‌స్లైడ్ కొట్టినవాడు కంచెలోకి పోతాడు. గుడ్డతో తుడిచి, పొడి అయ్యేదాకా స్టిక్ పని చేయించండి.

గంట సెషన్‌లో పన్నెండు మంది ఉంటే ఒకే వరసలో నిలబెట్టకండి. నలుగురేసి మూడు చోట్ల, ఎనిమిదేసి నిమిషాలు. మిగతా టైం చిన్న స్థలంలో ఇద్దరు-ఇద్దరు ఆట, ముప్ఫై నుంచి నలభై ఐదు సెకన్లకి విజిల్. ఇన్‌లైన్‌లో గోల్ కీపర్ కాక నలుగురే, ఒంటితో ఢీకొట్టే బాడీ చెక్ లేదు. బలంగా ఉన్నవాడి కంటే ఖాళీ చూసేవాడికి ఇది అనువైన ఆట. అయినా ఎంపికల్లో పొడుగువాళ్ళే ముందుంటారు. కెనడా జూనియర్ ఆటగాళ్ళలో జనవరి నుంచి మార్చిలోపు పుట్టినవాళ్ళే ఎక్కువని రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లో చూపించింది. వయసు కటాఫ్ (అక్కడ జనవరి 1) తర్వాత వెంటనే పుట్టినవాళ్ళకి పది నెలల కండ అదనం, అంతే. జట్టు ఎంచేటప్పుడు పుట్టిన నెల పక్కన రాసి పెట్టుకోండి.

ఐస్ మీదికి వెళ్ళే పిల్లలకి దారి లేహ్ లేదా డెహ్రాడూన్. డెహ్రాడూన్ రింకు 2011లో కట్టి, చాలాకాలం మూతపడి, 2025లో మళ్ళీ తెరిచారు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. మొదటి రెండు రోజులు స్కేట్స్ బ్యాగులోనే ఉండాలి. ఐస్ మీద ముందుగా బోల్తా కొట్టించేది చక్రాల మీది నమ్మకం. చక్రం పక్కకి అంత తేలిగ్గా జారదు, బ్లేడు జారుతుంది, ఆగడమంతా ఆ జారుడులోనే ఉంది. మొదటి రెండు గంటలూ వేళ్ళు లోపలికి తిప్పి ఐస్ గీకుతూ ఆగే స్నోప్లౌ మాత్రమే చేయించి, ఆ తర్వాత రెండు బ్లేడ్లూ అడ్డం తిప్పి ఆగే హాకీ స్టాప్. బరువు తక్కువ పిల్లలకి బ్లేడు గాడి వ్యాసార్ధం అర అంగుళం, లేదా అంతకన్నా తక్కువ. వ్యాసార్ధం తగ్గేకొద్దీ గాడి లోతు. గాడి లేకుండా చదునుగా ఉంటే గట్టి ఐస్ మీద అంచు పట్టదు.

తొమ్మిదో తరగతి నుంచి జట్టు పల్చబడుతుంది. కెనడాలో పదహారేళ్ళ కుర్రాడు ఇల్లు వదిలి ఏదో ఊళ్ళో ఆటగాళ్ళని తమ ఇంట్లో ఉంచుకునే బిల్లెట్ కుటుంబం దగ్గర ఉండి ఒంటారియో లీగ్‌లో సీజన్‌కి 68 మ్యాచ్‌లు ఆడతాడు. మనవాడూ అదే వయసులో ఇల్లు వదులుతాడు, ఇంటర్ హాస్టల్‌కి. స్టిక్ లోపలికి రానివ్వరు. ఒంటికాలి మీద గుంజీలు రోజూ ఇరవై, ఒక్క కాలి మీద నిలబడి పళ్ళు తోముకోవడం, వీటిని మాత్రం ఎవరూ ఆపలేరు. రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చిన రోజున ఆత్రంగా పాత స్కేట్స్ ఎక్కించకండి. ముందు పాదం కొలవండి.