సర్పి మానింది, మంట మానలేదు

సర్పి పొక్కులు మూడు వారాల్లో ఎండి రాలిపోయాయి. నొప్పి మాత్రం నిలిచిపోయింది. వీపు నుంచి ఎడమ రొమ్ము కింది దాకా పట్టీ చుట్టినట్టు ఒకటే మంట, చొక్కా రాసుకున్నా కరెంటు కొట్టినట్టుండేది. దద్దు తగ్గాక మూడు నెలలు దాటినా ఇలాగే ఉంటే పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్సే వెన్ను పక్కనుండే నరాల ముడిలో ఏళ్ల తరబడి దాక్కుని, మళ్లీ లేచి ఆ నరాన్ని పాడుచేస్తుంది. మామూలు నొప్పి మాత్రలకు ఇది లొంగదు.

రాత్రి నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్ మాత్ర వేసుకుంటే నిద్ర పట్టేది. పగటి మంటను దారికి తెచ్చింది మాత్రం 0.075 శాతం క్యాప్సైసిన్ క్రీము, అంటే మిరపకాయ ఘాటే. మంటకు మంటే మందా అని నేనూ అనుకున్నాను. చర్మంలోని నరాల కొసల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం (రిసెప్టర్) ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి అది తెరుచుకుంటుంది, క్యాప్సైసిన్‌కూ తెరుచుకుంటుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దాన్ని కనిపెట్టింది ఈ ఘాటును పట్టుకునే. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. గ్రాహకం తెరుచుకోగానే కాల్షియం లోపలికి పోటెత్తుతుంది. పదే పదే అలా జరిగితే నరం కొస అలసి, సంకేతాలు పంపడం మాని వెనక్కి ముడుచుకుంటుంది. మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఉపశమనం శాశ్వతం కాదు.

ఇది తెలిస్తే క్రీము ఎందుకు విఫలమవుతుందో తెలుస్తుంది. మంటకు భయపడి రోజుకు ఒకటి రెండుసార్లు రాస్తే కొసలు అలసిపోవు, మధ్యలో కోలుకుంటాయి. ఫలితం ఉండదు, మంట మాత్రం ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. నేను మొదటి పది రోజులు చేసిన పొరపాటు అదే. రోజుకు నాలుగుసార్లు, పలుచగా, చర్మంలో ఇంకేదాకా రాయాలి. రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పట్టాలి. పొక్కులు పూర్తిగా మానకముందు, చిట్లిన చర్మం మీద అసలు రాయకూడదు.

రాసే ముందూ తర్వాతా వేడినీళ్ల స్నానం వద్దు. చల్లబడిన మంటను వేడి, చెమట మళ్లీ లేపుతాయి. చేతి తొడుగు వేసుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. అందుకే ఒట్టి నీళ్లతో కడిగిన వేలు కంట్లో పెట్టుకుంటే అరగంట నరకమే. ఎండిన క్రీము పొడిగా రాలి దగ్గు తెప్పిస్తుంది. పక్క దుప్పట్లు దులపకుండా ఉతకడం మేలు.

8 శాతం క్యాప్సైసిన్ పట్టీ వేరే సంగతి. అది ఆసుపత్రిలోనే వేస్తారు. సర్పి నొప్పికి 60 నిమిషాలు, షుగరు వల్ల వచ్చే పాదాల నరాల నొప్పికి 30 నిమిషాలు ఉంచుతారు. మళ్లీ కావాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి. వేసేవాళ్లు నైట్రైల్ తొడుగులు వాడతారు, లేటెక్స్ (రబ్బరు) తొడుగులు క్యాప్సైసిన్ ఘాటును ఆపలేవు. వేసినప్పటి నొప్పికి బీపీ పెరగొచ్చు కాబట్టి చూస్తూ ఉంటారు.

నొప్పికి వాడే మిగతా మొక్కల సంగతి క్లుప్తంగా చెబుతాను. పుదీనా మెంథాల్ చలి గ్రాహకాన్ని తాకి కాసేపు హాయినిస్తుంది, కానీ చల్లదనమే నొప్పి పుట్టించే వాళ్లకు అది తిరగబడుతుంది. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి పట్టేది చాలా తక్కువ. అందుకే పసుపు క్యాప్సూళ్లలో మిరియాల పైపెరిన్ కలుపుతారు. ఆ పైపెరినే మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందుల మోతాదును రక్తంలో పెంచుతుంది, కనుక డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

నాకు మూడో వారం చివర చొక్కా తగిలినప్పటి షాకు తగ్గింది. రెండు నెలలకు గాబాపెంటిన్‌ను డాక్టరు మెల్లమెల్లగా దించారు, ఒక్కసారిగా ఆపకూడదు. ఇప్పుడు అక్కడ నొక్కితే కాస్త మొద్దుగా, ఎప్పుడైనా దురదగా ఉంటుంది, అంతే.