మెట్లెక్కితేనే తెలిసే చర్చి

జర్మనీ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోటోల్లో కొలోన్ కెథెడ్రల్ తప్పకుండా ఉంటుంది. ఉండాల్సిందే, అంత గొప్ప కట్టడం. కానీ ఎవరైనా నన్ను అడిగితే మాత్రం, మధ్య జర్మనీలో ఏదో ఒక పల్లెకి వెళ్లి, అక్కడి చిన్న చర్చి తాళం తీయించుకుని, లోపల గోడల వెంట ఉండే చెక్క గ్యాలరీ ఎక్కి ఓ అరగంట కూర్చుని రండి అంటాను. కింద నిలబడి తలెత్తి చూస్తే అదంతా అలంకారం అనిపిస్తుంది. పైకెళ్లి కూర్చుంటే, ఊరు ఊరంతా ఒకే కప్పు కింద కూర్చుని ఒకే మనిషి మాట వినడానికి చేసుకున్న ఏర్పాటు అని తెలుస్తుంది.

ఆఫీసు పని మీద మధ్య జర్మనీలో థురింగియా రాష్ట్ర రాజధాని ఎర్ఫుర్ట్ వెళ్లినప్పుడు ఆదివారం ఖాళీ దొరికితే, అక్కడ నాతో పనిచేసే ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లింది. ఊరి పేరు రాయడం లేదు, చర్చి తాళంచెవి ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో ఉంటుంది కాబట్టి. బయట నుంచి చూస్తే పెద్దగా ఏమీ లేదు. రాతి గోడలు, నల్లరాతి పలకల కప్పు, చిన్న గంటగోపురం. లోపల అడుగుపెడితే మాత్రం రాయి దాదాపు కనపడదు, అంతా కర్రే. మూడు వైపులా రెండంతస్తుల గ్యాలరీలు, వాటిని మోసే చెక్క స్తంభాలు, పైన పడవ బోర్లించినట్టు వంగిన చెక్క కప్పు. కర్రకి వేసిన రంగు బూడిద, నీలం కలిసినట్టుంది, దాని మీద పాలరాతి చారలు కుంచెతో గీశారు. ఊళ్లో పాలరాయి కొనే స్తోమత లేదు, అడవిలో కర్రకి లోటు లేదు. థురింగియా, దాని పక్క రాష్ట్రం సాక్సనీ వైపు పల్లె చర్చిల్లో ఈ పాలరాతి రంగుల పద్ధతి బాగా కనిపిస్తుంది.

గ్యాలరీ పిట్టగోడని పలకలు పలకలుగా విడదీసి, ఒక్కో పలకలో ఒక్కో బైబిల్ కథ బొమ్మ వేశారు. చదువు రాని వాళ్లు కూడా పాట సాగుతున్నంతసేపూ వరసగా చూసుకుంటూ పోవచ్చు. యోనాని చేప మింగుతున్న బొమ్మ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చేప కోరలతో భయంకరంగా ఉంది, దాని చుట్టూ నీళ్లు మాత్రం ఒక్క అల కూడా లేకుండా నిశ్చలంగా ఉన్నాయి. థురింగియాకి సముద్రం లేదు మరి.

స్తంభాల తలల దగ్గర రెక్కలున్న పసిపిల్లల ముఖాలు చెక్కారు. ఏ రెండూ ఒకలా లేవు. ఒకడికి బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, ఇంకోడి పెదవి కింద గాటు. ఇవన్నీ అప్పట్లో ఊళ్లో పిల్లల ముఖాలే అని ఆ పెద్దావిడ చెప్పారు, ఆవిడకి వాళ్ల నాయనమ్మ చెప్పిందట. నిజమో కాదో తేల్చలేం గానీ, ఆ ముఖాలు చూస్తే నమ్మాలనిపిస్తుంది. నగిషీకి ఎక్కువగా లిండెన్ చెట్టు కర్ర వాడేవాళ్లు, మెత్తగా, నార సన్నగా ఉంటుంది కాబట్టి ఉలి ఎటు తిప్పినా చీలదు. దూలాలకీ నేలకీ మాత్రం పైన్, స్ప్రూస్ కర్ర.

అసలు ఈ గ్యాలరీలు ఎందుకొచ్చాయి అంటే, మతసంస్కరణకి, అంటే 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ కాథలిక్ చర్చి నుంచి విడిపోయి ప్రొటెస్టెంట్ దారి మొదలుపెట్టడానికి ముందు చర్చిలో జనం చాలావరకు నిలబడే ఉండేవాళ్లు. ప్రార్థన లాటిన్‌లో, అసలు తంతు అంతా బలిపీఠం దగ్గర. లూథర్ తర్వాత ప్రసంగం ముఖ్యమైంది, అదీ జనం మాట్లాడే జర్మన్‌లో, అదీ గంటసేపు. అంతసేపు వినాలంటే కూర్చోవాలి, అందరికీ మాట వినపడాలి, ప్రసంగించేవాడు కనపడాలి. టోర్గౌ కోటలోని చాపెల్‌ని 1544లో లూథరే స్వయంగా ప్రతిష్ఠించాడు. మొదటి నుంచీ ప్రొటెస్టెంట్ ఆరాధన కోసమే కట్టిన తొలి చర్చిగా దాన్ని చెప్తారు, అందులోనే చుట్టూ గ్యాలరీలు ఉన్నాయి. అవి రాతివి. పల్లెల్లో అంత డబ్బెక్కడిది? పాత చర్చి రాతి గోడలు బయటికి జరపలేరు, జనం పెరుగుతున్నారు, ఊళ్లో వడ్రంగులున్నారు. అందుకని లోపలే పైకి కట్టుకుంటూ పోయారు. కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధం 1648లో ముగిశాక, కాలిపోయినవి మళ్లీ కట్టుకుంటూ, 17, 18 శతాబ్దాల్లో ఈ పని ఊరూరా జరిగింది.

ఇదే యుద్ధం తర్వాత జరిగిన ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. సైలీసియా అప్పట్లో కాథలిక్కులైన హాబ్స్‌బర్గ్ చక్రవర్తి పాలనలో ఉండేది, ఇప్పుడది చాలావరకు పోలండ్. అక్కడి లూథరన్లకి మూడంటే మూడు చర్చిలు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చారు, అదీ ఎన్ని షరతులతో! నగరం గోడకి బయటే కట్టాలి. రాయి, ఇటుక వాడకూడదు, కర్ర, మట్టి, గడ్డి మాత్రమే. గోపురం ఉండకూడదు. ఏడాదిలో పూర్తవ్వాలి. ఎక్కువ కాలం నిలవకూడదనే కదా ఈ షరతులన్నీ. మూడింటిలో ఒకటి తర్వాత కాలిపోయింది, యావర్, ష్విద్నిత్సా ఊళ్లలోవి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ష్విద్నిత్సాది 1657లో పూర్తయింది. అంతస్తుల మీద అంతస్తులుగా గ్యాలరీలు వేసుకుంటూ పోతే అందులో దాదాపు 7500 మంది పట్టేవాళ్లట. 2001లో యునెస్కో ఈ రెండింటినీ ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది. నేను చూడలేదు, ఫోటోలే చూశాను. గడ్డీ మట్టీ కర్రా మాత్రమే ఇస్తాం పొమ్మన్నప్పుడు ఇంత కట్టారే అని గుండె నిండిపోయింది.

మళ్లీ ఆ థురింగియా పల్లె చర్చికి వస్తాను. ఎవరెక్కడ కూర్చోవాలన్నది పాత సినిమా హాళ్లలో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ లెక్క ఉన్నట్టే ఉండేది, కాకపోతే టికెట్టు కొనడంతో తేలేది కాదు. చాలా ఊళ్లలో కింద ఆడవాళ్లు, పైన మగవాళ్లు. జమీందారు కుటుంబానికి బలిపీఠం పక్కనే అద్దాల కిటికీలున్న గది. కొన్నిచోట్ల కుటుంబాలు డబ్బు కట్టి కూర్చునే చోటు సొంతం చేసుకునేవి, బెంచీల మీద అంకెలు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లికాని కుర్రాళ్లు పై గ్యాలరీలో, వెనక వరసలో. అక్కడ బెంచీ వెనక చెక్క మీద చేత్తో తడిమితే చాకుతో చెక్కిన పేర్లు తగులుతాయి, పొడి అక్షరాలు, సంవత్సరాలు, ఒక గుర్రం, ఒక పడవ. గంటసేపు ప్రసంగంలో ఆ కుర్రాళ్లకి ఉన్న పని అదే. పిట్టగోడ పైకమ్మి మీద కొన్నిచోట్ల రంగు పూర్తిగా పోయి కర్ర నున్నగా, కాస్త గుంటపడి ఉంది. తరతరాలుగా మోచేతులు ఆనిన చోట్లవి. అక్కడ మోచేతులు ఆనించి కూర్చుంటే ప్రసంగ వేదిక సరిగ్గా కళ్లకెదురుగా ఉంటుంది. కింద ఉన్నవాళ్లకి మెడ నొప్పి పెడుతుంది గానీ పైనున్న వాళ్లకి మాత్రం ప్రసంగించేవాడి ముఖంలో ప్రతి కదలికా కనపడుతుంది.

ఇక్కడే నేను చాలా ముచ్చటపడిన సంగతి ఒకటుంది. కింది గ్యాలరీ ముందువైపు కటకటాలన్నీ లేత్ మీద తిప్పి చేసిన గుండ్రటి పొట్టి స్తంభాలు. పై గ్యాలరీలో, ఆర్గన్ వాద్యం వెనక మూలకి వెళ్లేసరికి అవి గుండ్రంగా లేవు. పలచటి పలకని అదే ఆకారంలో కత్తిరించి, గుండ్రంగా కనపడేలా ఒక పక్క ముదురు నీడ రంగు వేశారు. కింద నుంచి చూస్తే తేడా తెలియదు. నాకు ఇందులో మోసం ఏమీ కనపడలేదు, డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మిగుల్చుకోవాలో తెలిసిన వాళ్ల పనితనం కనపడింది.

బెంగళూరు తిరిగొచ్చాక ఈ ఫోటోలన్నీ మా మామయ్యగారికి చూపించాను. తెనాలి పక్క పల్లెలో ముప్పై ఏళ్లకి పైగా వడ్రంగం చేసిన మనిషి, ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. ఆయన దేవదూతల ముఖాలు ఒకసారి చూసి పక్కకి జరిపేశారు. స్తంభం, దూలం కలిసే చోటు ఫోటోని మాత్రం పెద్దది చేయించుకుని చాలాసేపు చూశారు.

"ఇదిగో చూడమ్మా, ఈ నగిషీ బరువు మొయ్యదు. మోసేది లోపలున్న దూలం. కుసి వేసి, అంటే ఒక కర్ర కొసని సన్నగా చెక్కి ఇంకోదాని బెజ్జంలో దూర్చి, బిగించి కర్రమేకు కొట్టారు, ఇనుము లేదు. ఇనపమేకైతే చలికి చెమ్మ పట్టి తుప్పు లేచి చుట్టూ కర్రని తినేసేది."

"అన్నేళ్లుగా కదలకుండా ఎలా ఉంది మామయ్యగారూ, ఇది టేకు కూడా కాదు కదా?"

"టేకు కాకపోతే ఏం? తడవకుండా చూసుకుంటే మెత్తకర్ర కూడా నిలబడుద్ది. కప్పు కారకూడదు, అంతే."

ఆ మాట అన్నాక ఆయన్ని టిప్పు సుల్తాన్ వేసవి భవనానికి తీసుకెళ్లకుండా ఎలా ఉండను. కలాసిపాళ్యం బస్టాండు రద్దీకి దగ్గర్లో, కోటె వెంకటరమణ గుడి పక్కనే ఉంటుంది, బెంగళూరులో ఏళ్లుగా ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామంది లోపలికి వెళ్లి ఉండరు. హైదర్ అలీ 1781లో మొదలుపెడితే టిప్పు 1791లో పూర్తి చేశాడు. రాతి పీఠాల మీద గాడులు తీసిన టేకు స్తంభాలు, వాటి మధ్య వంపులు తిరిగిన కమానులు, పైన చెక్క బాల్కనీలు. దాదాపు అదే కాలంలో, 1779లో, జర్మనీలో సాక్సనీ కొండల్లో సైఫెన్ అనే గనుల ఊళ్లో ఎనిమిది ముఖాల చర్చి పూర్తయింది, లోపల చుట్టూ గ్యాలరీలతో. తగరం గనులు చితికిపోయాక ఆ ఊరివాళ్లు లేత్ మీద చెక్కబొమ్మలు చేసి బతికారు, ఇప్పటికీ చేస్తున్నారు. కర్ర చక్రాన్ని లేత్ మీద తిప్పుతూ లోపలా బయటా మలిచి, తర్వాత ముక్కలుగా చీలిస్తే ప్రతి ముక్కా ఒక గుర్రమో ఆవో అవుతుంది. ఆ వీడియో చూసి మామయ్యగారు బెంగళూరు దగ్గరి చెన్నపట్న ఊళ్లో చెక్కబొమ్మలు చేసేవాళ్లకి ఇది చూపించాలి అన్నారు.

భవనంలో పై బాల్కనీ కింద నిలబడ్డప్పుడు నాకు తేడా స్పష్టంగా తెలిసింది. ఇక్కడ బాల్కనీలో కూర్చున్నది ఒక్కడు, పాలకుడు. అక్కడి నుంచే దర్బారు నడిపేవాడు, మిగతావాళ్లంతా కింద నిలబడి తలెత్తి చూడాలి. బాల్కనీ ఉన్నదే అతను కనపడడానికి. ఆ పల్లె చర్చిలో పైన కూర్చున్నది రైతులూ కమ్మరులూ వాళ్ల కొడుకులూ, చూస్తున్నది కిందున్న వేదిక వైపు. జమీందారు గది అక్కడా ఉంది, పెద్దా చిన్నా తేడా అక్కడేమీ పోలేదు, నేనేమీ దాన్ని స్వర్గం చేసి చెప్పడం లేదు. అయినా ఊళ్లో అందరికీ ఒక చోటు ఉండాలి అన్న ఆలోచనతో కర్ర కోశారు. నాకు రెండు భవనాలూ ఇష్టమే. కానీ ఏది నా మనసుకి దగ్గరంటే ఆ చర్చే.

తెలుగువాళ్లకి ఆ ప్రాంతంతో పాత చుట్టరికం కూడా ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 18వ శతాబ్దంలో మద్రాసులో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిల్‌ని తెలుగులోకి తెచ్చాడు. 1743లో తిరిగి వెళ్లాక హాలే నగరంలో 1746 నుంచి తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. హాలే ఎర్ఫుర్ట్ నుంచి రైల్లో ఎంతో దూరం కాదు. ఈసారి వెళ్తే అక్కడికే.

ఇక ఆ గ్యాలరీల బాగోగులు. చెక్కకి పెద్ద శత్రువు పుచ్చుపురుగు. చెక్క మీద గుండుసూది తల కంటే కాస్త పెద్ద రంధ్రాలు, వాటి కింద నేల మీద తెల్లటి పొడి కనిపిస్తే లోపల పని జరుగుతున్నట్టే. దానికి ఒక మందు, వేడిగాలి. కర్ర లోపలి దాకా 55 డిగ్రీల వేడి చేరి గంటసేపు ఉంటే పురుగు, గుడ్లతో సహా చచ్చిపోతుంది. అలాగని చలికాలం హీటర్లు ఇష్టమొచ్చినట్టు వాడితే కర్ర ఎండి బిగువు వదులుతుంది, బొమ్మల రంగు పెచ్చులు లేస్తుంది. అందుకే ఆ పెద్దావిడ ప్రార్థన రోజున కూడా కొద్దిగానే వేడి పెడతారట, జనం కోట్లు తొడుక్కునే కూర్చుంటారు. జనం అంటే ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, పాస్టర్ చాలా ఊళ్లకి కలిపి ఒక్కరే. అయినా కప్పు బాగుచేయించడానికి డబ్బు పోగుచేస్తున్నారు, చర్చికి రాని వాళ్లు కూడా ఇస్తున్నారట, ఇది మా ఊరిది అని.

మీరెప్పుడైనా వెళ్తే, తలుపు తాళం వేసి ఉందని వెనక్కి రాకండి. తలుపు మీద తాళంచెవి ఎవరి దగ్గరుందో చాలాచోట్ల రాసి పెడతారు, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వస్తారు. పైకెక్కొచ్చా అని అడిగే ఎక్కండి, మెట్లు నిటారుగా ఇరుకుగా ఉంటాయి, కొన్నిచోట్ల పైనేల బలహీనంగా ఉండి ఎక్కనివ్వరు. పిట్టగోడ మీద బరువు వేయొద్దు. ఫోటోలకి ఫ్లాష్ వద్దు. వచ్చేటప్పుడు తలుపు పక్కన విరాళాల పెట్టె ఉంటుంది, అందులో నోటు వేయండి, చిల్లర కాదు. ఆ డబ్బు చర్చి బాగోగులకి పనికొస్తుంది.