రెండు క్రెడిట్ల కోసం పడ్డ తిప్పలు

నిన్న సాయంత్రం నా ఏబీసీ ఖాతాలో (చదివిన కోర్సుల క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కలోకొచ్చే పాయింట్లు, జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) రెండు క్రెడిట్లు కనిపించాయి. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, పరీక్షలేమో ఇంగ్లీషులో. రేపు ఇంటర్వ్యూలో నోరు పెగలదేమోనన్న టెన్షన్‌తో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయంలో ఐఐటీ కాన్పూర్ వాళ్ల సాఫ్ట్ స్కిల్స్ కోర్సులో చేరాను. ఎనిమిది వారాలు. చేరడం ఉచితం, పరీక్షకే ఫీజు. అసైన్‌మెంట్లకు 25కి కనీసం 10, పరీక్షలో 75కి 30 వస్తే సర్టిఫికెట్ ఇస్తారు. పాతపట్నం మీదుగా విశాఖ వెళ్లి రాసి వచ్చాను. మొత్తం నూటికి 60, ఆపైన వచ్చినవాళ్లకిచ్చే ఎలీట్ గుర్తింపు వచ్చింది. మా క్లాసులో ఇంకెవరికీ రాలేదు, ఆ మాట చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆ క్రెడిట్లు డిగ్రీలో కలపమని కాలేజీ ఆఫీసుకు వెళ్లాక మొదలైంది అసలు బాధ.

నా ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంది. మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్‌లో పేరు ముందు, ఇంటిపేరు చివర. ఒడియా పద్ధతిలో టైటిల్ (ఇంటిపేరు) చివరే ఉండాలి కదా, స్కూల్లో అలా రాసేశారు. కాలేజీ రికార్డు మెట్రిక్ ప్రకారం, ఏబీసీ ఐడీ ఆధార్ ప్రకారం. పన్నెండంకెల నంబర్ నాదే, ఫొటో నాదే, మనిషిని ఎదురుగా నిలబడ్డాను. అయినా గుమస్తా గారికి ఇద్దరమ్మాయిలు కనిపించారు.

"మీ తెలుగోళ్ల పేర్లకి తలెటో తోకెటో!" అన్నాడు ఒడియాలో, వెనక లైనులో ఉన్న జూనియర్లకు వినపడేలా. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేసుకోవచ్చన్న 2021 యూజీసీ నిబంధనల కాపీ ముందు పెట్టాను. చేత్తో ముట్టుకోలేదు. "సాఫ్ట్ స్కిల్స్ పాసయ్యావుగా, మాట్లాడి ఒప్పించు చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు. ఎదుటివాడి మాట ఓపిగ్గా వినాలని కోర్సులో నేర్పారు, విన్నాను. వినడం ఇష్టం లేనివాడితో ఏం చెయ్యాలో ఏ వారంలోనూ చెప్పలేదు. చేతులు వణుకుతుంటే బయటికొచ్చి సైకిల్ స్టాండ్ దగ్గర ఏడ్చాను.

ఉద్యోగానికి కావలసిన నైపుణ్యాలు పిల్లలకు లేవని ప్రతి సభలోనూ ఉపన్యాసాలిస్తారు. ముందు ఆ కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లను ఈ కోర్సులో చేర్పించండి.

దారి చూపించింది మా నాన్న. "వాళ్ల కాగితం కదలదమ్మా, మనదే కదుపుదాం" అన్నారు. నా పాన్ కార్డులో మెట్రిక్ పేరే ఉండటం కలిసొచ్చింది. అది చూపించి ఆధార్‌లో పేరు మార్పించాం, ఆ తర్వాత ఏబీసీ ఐడీ ఉండే డిజీలాకర్‌లోనూ సరిచేసుకున్నాను. ఈసారి దరఖాస్తు ఆ గుమస్తాకు ఇవ్వలేదు. ప్రిన్సిపాల్ గారికి మెయిల్ పెట్టాను: విషయం ఒక్క వాక్యంలో, సర్టిఫికెట్, ఆధార్, నిబంధన కాపీ జతచేసి. అలా రాయడం మాత్రం ఆ కోర్సు చలవే.

మన సరిహద్దు ఊళ్ల పిల్లలు స్వయంలో పేరు నమోదు చేసే ముందే మెట్రిక్ సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూడండి. ఆఫీసులో ఏది ఇచ్చినా నకలు మీద స్టాంపు వేయించుకోండి. "రేపు రా" అంటే ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి. రాయరు గానీ, గొంతు కాస్త తగ్గుతుంది.