రెండో డివిజన్ బెంగ

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. కారణం చెబితే నవ్వుతారు, అయినా చెప్పకుండా ఉండలేను. సాయంత్రం ఫోన్‌లో మావాడు "అమ్మా, అదసలు లీగే కాదు, సగం జట్లు ఉత్తుత్తివి" అన్నాడు. దేని గురించో మీకు తెలుసుగా. ఫారో దీవుల ఫుట్‌బాల్ (ఉత్తర అట్లాంటిక్‌లో డెన్మార్క్ కిందున్న బుల్లి దేశం అది), అందులోనూ రెండో డివిజన్, అంటే పై లీగుకి కింది మెట్టు. వాడు మెస్‌లో చపాతీ నములుతూ అనేశాడు, వాడికి అక్కడితో అయిపోయింది. నేను మాత్రం అంట్లు తోముతూ ఒక జవాబు, పాలు తోడేస్తూ ఇంకో జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను. మావారు ఒకసారి తలెత్తి "ఎవరితో?" అని అడిగి మళ్లీ పేపర్లో పడిపోయారు.

అసలు ఈ పిచ్చి అంటించినవాడే వాడు. 2020 మే నెలలో ప్రపంచమంతా ఆటలు ఆగిపోయి ఉంటే, అక్కడ మే 9న సీజన్ మొదలుపెట్టేశారు. ఇంట్లో అందరం ఒకే గదిలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకునే రోజులు. వాడు లాప్‌టాప్‌లో ఎక్కడో ఒక లైవ్ పట్టుకొచ్చాడు. ఉన్నదల్లా ఒకే కెమెరా. పచ్చటి కృత్రిమ గడ్డి మైదానం, దాని వెనక కొండ, కొండ మీద తెల్లగా కదులుతున్న చుక్కలు. మామయ్యగారు కళ్లద్దాలు సరిచేసుకుని ముందుకు వంగి "అవి గొర్రెలా అమ్మాయ్?" అన్నారు. గొర్రెలే. ఇక ఆయనకి ఆట అక్కర్లేదు, గొర్రెలు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చున్నారు. ఈలోగా గోల్‌కీపర్ బంతి కింద పెడతాడు, గాలికి అది దొర్లిపోతుంది, తెచ్చి మళ్లీ పెడతాడు, మళ్లీ దొర్లుతుంది. అది చూసి ఆయన నవ్విన నవ్వు ఆ రెండు నెలల్లో ఇంకెప్పుడూ నవ్వలేదు.

మర్నాడు "ఆ దేశంలో అన్నిటికన్నా పాత జట్టేదో చూడరా" అని మనవణ్ణి పురమాయించారు. టీబీ అని తేలింది. ట్వోరోయ్రి అనే ఊరి క్లబ్బు, 1892లో పెట్టారు. "మా తాత పుట్టకముందు నుంచీ ఆడుతున్నారన్నమాట, ఇక మనది ఇదే" అని తేల్చేశారు. అత్తయ్యగారికి మాత్రం ఆ పేరు నచ్చలేదు. "కరోనాతో చస్తుంటే ఇంట్లో టీబీ గెలిచింది, టీబీ గెలిచింది అని ఆ కేకలేమిటి, శుభమా అని" అని దీపం పెట్టుకోవడానికి వెళ్లిపోయేవారు. ఏడుసార్లు దేశ చాంపియన్లు, చివరిసారి 1987లో. ఉండేది దక్షిణాన విడిగా పడివున్న సుదురోయ్ దీవిలో. రాజధాని టోర్షావ్న్ నుంచి స్మిరిల్ అనే ఓడలో దాదాపు రెండు గంటల ప్రయాణం. మిగతా పెద్ద దీవులన్నిటినీ వంతెనలతోనో సముద్రం కింద సొరంగాలతోనో కలిపేసుకున్నారు కానీ ఈ దీవికి ఇంకా ఓడే దిక్కు. ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే కుర్రాళ్లు ఆదివారం అవే అలల మీద వెళ్లి, ఆడి, అవే అలల మీద తిరిగి రావాలి.

అప్పుడు టీబీ పై డివిజన్‌లోనే ఉండేది. అక్కడ అడుగున మిగిలినవాళ్లు రెండో డివిజన్‌కి దిగాలి, ఇక్కడ ముందు నిలిచినవాళ్లు పైకి ఎక్కుతారు. తర్వాత కిందికి జారింది, ఎక్కింది, మళ్లీ జారింది. దానితోపాటే నేనూ రెండో డివిజన్‌లోకి దిగాను. మావాడు ఈలోగా హాస్టల్‌కి వెళ్లిపోయి ఇంగ్లండ్ ఆటలు చూసే మనిషైపోయాడు. మేం మాత్రం ఇక్కడే ఉన్నాం.

సరే, అసలు సంగతికి వస్తా. వాడు ఉత్తుత్తి అన్నది రిజర్వు జట్ల గురించి. రెండో డివిజన్‌లో పది జట్లుంటే వాటిలో కొన్ని (ఒక్కో ఏడాది సగానికి దగ్గరగా) పై డివిజన్ పెద్ద క్లబ్బుల రెండో జట్లు. టోర్షావ్న్‌లోని హెచ్‌బీకి ఒకటి, దాని పక్కింటి శత్రువు బీ36కి ఒకటి, క్లాక్స్‌విక్‌లోని కేఐకి ఒకటి, ఇలా. ఒకే క్లబ్బువి రెండు జట్లు ఒకే డివిజన్‌లో ఉండకూడదు కాబట్టి ఇవి ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా పైకి వెళ్లవు. మరి ఎందుకు గెలవడం? పెళ్లి పంక్తిలో విస్తరి ముందు కూర్చుని తినకుండా కబుర్లు చెప్పేవాడిలా, వాడికి ఆకలి లేదు, లేచి చోటూ ఇవ్వడు.

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. ఈ జట్టు ఇవాళ ఎవరితో వస్తుందో ఎవరికీ తెలియదు. దెబ్బ తగిలి కోలుకుంటున్న మొదటి జట్టు ఆటగాడు కాస్త ఒళ్లు కదలడానికి ఒక మ్యాచ్ ఆడతాడు, మరో వారం అందరూ మీసాలు రాని పిల్లలు. ఒక ఊరి జట్టుకి వాళ్లు బలంగా ఉన్న వారం తగులుతుంది, ఇంకో ఊరికి పిల్లలొచ్చిన వారం తగులుతుంది. ఒకరికి మూడు పాయింట్లు, ఒకరికి గుండుసున్నా. సీజన్ చివర్లో పైకి వెళ్లేది తేలేది ఆ ఒకటి రెండు పాయింట్లతోనే. దాన్ని అదృష్టం అనాలట. మావారు "ఎవరి చోటూ పోదు కదా, రిజర్వు జట్టు ముందుంటే దాన్ని వదిలేసి తర్వాతివాళ్లని పైకి పంపుతారు" అన్నారు. నిజమే, అలాగే చేస్తారు. కానీ మూడో స్థానంలో నిలిచి పైకి వెళ్లడంలో సరదా ఏముంటుంది చెప్పండి? ఆఖరి రోజు కప్పు పట్టుకుని ఊరేగేది ఎవరు, వచ్చే ఏడాదీ ఇక్కడే ఉండబోయే పిల్లలా? ఆ మాటకి ఆయన దగ్గర జవాబు లేదు, పేపరు మడిచి పడుకున్నారు.

ఇంతవరకూ రాసి మంచినీళ్లు తాగొచ్చాను. లేచినంతలో కోపం సగం దిగిపోయింది, అదొక చిరాకు.

ఎందుకంటే ఆ దేశం జనాభా మొత్తం 55 వేలు అటూ ఇటూ. పద్ధెనిమిది దీవులు. అందులో చేపల వేటకి వెళ్లేవాళ్లు, చదువులకి డెన్మార్క్ వెళ్లిపోయేవాళ్లు పోగా ఫుట్‌బాల్ ఆడే వయసు మగపిల్లలు ఎంతమంది మిగులుతారని? అయినా రెండో డివిజన్ కింద మూడు, నాలుగు కూడా నడుపుతున్నారు. రిజర్వు జట్లని తీసేస్తే ఈ డివిజన్‌లో మిగిలేది అరడజను ఊళ్లు. అవే మొహాలు మార్చి నుంచి అక్టోబరు దాకా ఒకరినొకరు చూసుకోవాలి. 2017లో సుదురోయ్ దీవి క్లబ్బులు పొత్తు కూడా ప్రయత్నించాయి. టీబీ, ఎఫ్‌సీ సుదురోయ్, రోయ్న్ మూడూ కలిసి ఒకే జట్టుగా దిగాయి. ఒక్క సీజన్‌కే విడిపోయి ఎవరి ఊరికి వాళ్లు పోయారు. మామయ్యగారికి ఇది చెబితే "పక్క ఊరితో పొత్తా? కుదరదు" అన్నారు, అక్కడ పుట్టి పెరిగినట్టు.

పైగా పంతొమ్మిదేళ్ల కుర్రాడు హెచ్‌బీ బెంచీ మీద చలికి వణుకుతూ కూర్చునేకంటే రిజర్వు జట్టుతో ఆర్గిర్, స్కాలా లాంటి ఊళ్లకి వెళ్లి ముప్పై అయిదేళ్ల వడ్రంగి చేత భుజం దెబ్బ తినడం మేలే. 1990 సెప్టెంబరు 12న ఆస్ట్రియాని 1-0తో ఓడించిన ఫారో దేశపు జట్టువాళ్లూ ఇలా పనులు చేసుకుంటూ ఆడినవాళ్లే. గోల్ కొట్టిన టార్కిల్ నీల్సన్ కలప అమ్మేవాడు. కుచ్చు టోపీ పెట్టుకున్న గోల్‌కీపర్ యెన్స్ మార్టిన్ క్నుడ్సన్ చేపల ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. అది వాళ్ల దేశానికి మొట్టమొదటి పోటీ మ్యాచ్, ఆడింది స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో, సొంతగడ్డ మీద నిజం గడ్డి మైదానం లేక! ఆ తర్వాతే టోఫ్టిర్ అనే ఊళ్లో కొండ మీద మైదానం సిద్ధం చేసుకున్నారు. ఆ టోఫ్టిర్ జట్టు బీ68, 1984లో, 85లో, 92లో చాంపియన్. అదీ తర్వాత రెండో డివిజన్‌లో ఆడింది. 1979 చాంపియన్ ఫుగ్లాఫ్యోర్డర్ కూడా ఆడింది. ఉత్తుత్తి లీగట! పూర్వ చాంపియన్లు వచ్చిపోయే చోటు వీడికి ఉత్తుత్తి. ఈ ముక్క సాయంత్రమే తట్టి ఉంటే ఎంత బాగుండేది, వాడి నోట్లో చపాతీ ఆగిపోయేది. ఇప్పుడు మెసేజ్ పెడితే "అమ్మా పడుకో" అని వస్తుంది.

సరే, రిజర్వు జట్లు ఉండాలి, ఒప్పుకున్నా. కానీ పాయింట్ల పట్టికలో వాటిని విడిగా కింద ఒక గీత గీసి రాయొచ్చు కదా. ఊళ్ల పట్టిక ఊళ్లది, పిల్లల పట్టిక పిల్లలది. కప్పు మొదటి ఊరికి ఇవ్వాలి. ఇంత చిన్న విషయానికి నేనెందుకు లేచి కూర్చున్నానో నాకే అర్థం కావట్లేదు. వంటింట్లో కుళాయి వాషర్ పోయి పది రోజులైంది, దాని గురించి ఇంత ఆలోచించి ఉంటే ఈపాటికి బాగుపడేది.

పొద్దున కాఫీ ఇవ్వగానే మామయ్యగారు "మనవాళ్లు ఎన్నోవాళ్లు?" అని అడుగుతారు. రిజర్వు జట్లని కొట్టేసి లెక్క చెబుతాను. మావాడు ఫోన్ చేసి ఆ లెక్క చెడగొట్టకుండా ఉంటే చాలు.